డ్వైట్ అని పిలిస్తే పలకని కుక్క

ఆర్డిత్ కొలారిక్ తన కుక్క అసలు పేరు ఎవరికీ చెప్పేది కాదు. ఇందులో వింతేమీ లేదు, చూపులేనివాళ్లలో చాలామంది చేసే పనే. దారి చూపే కుక్క పేరు వీధిలో నలుగురికీ తెలిసిందంటే, ఆ నలుగురూ ఎదురైనప్పుడల్లా ముద్దుగా పేరు పెట్టి పిలుస్తారు. కుక్క తల తిప్పుతుంది. అది తల తిప్పిన ఆ ఒక్క క్షణంలో వెనక నడిచే మనిషి మెట్టు తప్పుతుంది. అందుకని అడిగినవాళ్లకు చెప్పడానికి ఒక ఉత్తుత్తి పేరు ఉంచుకుంటారు. ఆర్డిత్ ఉంచుకున్న పేరు డ్వైట్.

కుక్క ఆడది. నల్లటి లాబ్రడార్. డ్వైట్ అన్నది ఆర్డిత్‌కు ఉద్యోగమిచ్చిన మేనేజరు పేరు. ముప్ఫై ఒక్కేళ్ల కింద సీడర్ రాపిడ్స్‌లో పంటల బీమా కంపెనీవాళ్లు ఆమెను ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు, ఆ పెద్దమనిషి ఆమె ఎదుటే పక్కవాడివైపు తిరిగి, కళ్లు లేని మనిషి వడగళ్ల నష్టం ఎలా రాసుకుంటుందని అడిగాడు. "చూసొచ్చేది రైతులు సార్, నేను ఫోన్లో వినేదాన్నే" అంది ఆర్డిత్. ఉద్యోగం ఇచ్చారు. రెండేళ్లు తిరక్కుండానే, అనుమానం ఉన్న ఫోన్లన్నీ ఆమె లైనుకే పంపడం మొదలుపెట్టారు. నిజంగా మొక్కజొన్న పోగొట్టుకున్నవాడు చిన్నచిన్న సంగతులు చెబుతాడట. పెరటి తలుపు ఊడిందనీ, కోళ్లు బెదిరిపోయాయనీ. అబద్ధమాడేవాడు నేరుగా ఎకరాల లెక్కలోకి దిగుతాడట. డ్వైట్ గారు రిటైరైన రోజున, ఆర్డిత్‌లోని ప్రతిభను మొదట గుర్తుపట్టింది తనేనని ఉపన్యాసం ఇచ్చారు. ఆర్డిత్ అందరితో పాటు చప్పట్లు కొట్టింది. తరవాత కుక్క వచ్చింది. కిరాణా కొట్లో అందరూ వింటుండగా, "డ్వైట్, చెత్తడబ్బాలో మూతి పెట్టకు, సిగ్గులేదూ" అనగలగడం ఆమెకు ఎంత తృప్తినిచ్చేదో చెప్పలేం.

కుక్క అసలు పేరు తెలిసినవాళ్లు ఆమె కాక ముగ్గురు. శిక్షణ ఇచ్చిన బడి, మందు వేసే పశువుల డాక్టరు, బాయ్డ్ టిల్‌మన్.

ఇలాంటి కుక్కల్ని బడికి వెళ్లేముందు ఏడాది పైచిలుకు ఎవరో ఒకరు ఇంట్లో పెంచి ఇవ్వాలి. జీతం లేదు, భత్యం లేదు. పెంచి, మప్పి, ఏడుస్తూ అప్పగించాలి. స్పోకేన్ దగ్గర పల్లెలో ఉండే బాయ్డ్ బడిబస్సులు బాగుచేసి రిటైరైనవాడు. భార్య పోయాక ఇంట్లో చప్పుడు కోసం ఈ కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. పద్నాలుగు నెలల తర్వాత బడిలో జరిగిన అప్పగింతల్లో, కుక్క తాడును ఆర్డిత్ చేతిలో పెట్టి ఏదో చెప్పబోయాడు. ఆమెకు వినపడింది ముక్కు చీదిన శబ్దమే. ఆ ఆదివారం నాలుగింటికి ఫోన్ చేశాడు, కుక్క సరిగ్గా తింటోందా అని. పై ఆదివారం కూడా చేశాడు. అలా ఆరేళ్లు. మొదట్లో గంట సేపూ కుక్క గురించే. మూడో ఏడు వచ్చేసరికి కుక్క సంగతులు నాలుగు నిమిషాల్లో అయిపోయేవి, గంట మాత్రం అలాగే ఉండేది. చర్చిలో ఆడవాళ్లు ఆరా తీస్తే ఆర్డిత్ కుక్క క్షేమసమాచారం అనేది. అరవై ఒక్కేళ్ల మనిషి బుగ్గలు ఎర్రబడటం ఆమెకు తప్ప అందరికీ కనపడేది.

అక్టోబరు మొదటి ఆదివారం బాయ్డ్ గొంతు రాపిడి పట్టినట్టుంది. వేసవి నుంచీ అలాగే ఉంది, జలుబు అంటూ వచ్చాడు. జలుబు కాదని ఆరోజు చెప్పాడు. వచ్చే శుక్రవారం పొద్దున్నే కోసి స్వరపేటిక తీసేస్తారట.

"తర్వాత ఏదన్నా చెప్పాలంటే పలక మీద రాసి చూపించాలంట" అన్నాడు.

అన్నాక తనేమన్నాడో తనకే అర్థమైంది. 

"దాన్ని ఒక్కసారి పిలవాలని ఉంది ఆర్డీ. నా గొంతుతో."

కుక్క ఒక్కదాని సంగతే అయితే ఫోన్ దాని చెవి దగ్గర పెట్టినా సరిపోయేది. ఆర్డిత్‌కు బాయ్డ్ ముఖం అంటే ఆ గొంతే, ఆమె దగ్గర అతనిది మరో గుర్తు ఏదీ లేదు. గురువారం మధ్యాహ్నం డెన్వర్ మీదుగా వెళ్లే విమానంలో వస్తున్నానని చెప్పింది. అది తప్పితే మళ్లీ శుక్రవారమే. ఆపాటికి అతను ఆపరేషన్ బల్ల మీద ఉంటాడు.

ఆ విమానం ఎక్కాలంటే ఒక ఫారం ఇవ్వాలి. ఆ ఫారానికి ఒక కథ ఉంది, ఆ కథలో ఆర్డిత్ ఉంది.

కొన్నేళ్లుగా జనం పెంపుడు కుక్కలకు ఎర్ర కోటు తొడిగి, ఇది లేకపోతే మా మనసు కుదురుగా ఉండదని చెప్పి ఉచితంగా విమానం ఎక్కించేవాళ్లు. కొందరికి అది నిజం. చాలామందికి టికెట్టు ఆదా. అలాంటి ఎర్ర కోటు కుక్క ఒకటి, ఒకసారి విమానంలో ఏడో వరసలో ఆర్డిత్ కాళ్ల దగ్గర పడుకున్న కుక్క చెవిని పట్టి చీల్చింది. చెవి అతుక్కుంది గానీ, ఆర్నెల్ల పాటు ఏ కుక్క మొరిగినా దాని ఒంటికి కట్టిన జీను పిడి ఆమె చేతిలో వణికేది. ప్రభుత్వం కొత్త రూలు గురించి ప్రజల అభిప్రాయాలు అడిగినప్పుడు ఆర్డిత్ మూడు పేజీలు రాసింది. మనసు కుదుటపరిచే జంతువులు మామూలు పెంపుడు జంతువుల్లా సంచిలో వెళ్లాలి, పని నేర్చిన కుక్క ఉన్నవాళ్లు సంతకం పెట్టాలి, అబద్ధం రాస్తే నేరమని ఆ సంతకం పైనే ఉండాలి అంది.

చూపులేనివాళ్ల సంఘంలోనే దీని మీద రగడ అయింది. కళ్లజోడు పెట్టుకున్నవాణ్ని కాగితాలు అడుగుతున్నారా, మనల్నెందుకు అడగాలి అని ఆమె స్నేహితురాలు లవాన్ నిలదీసి, ఆరు వారాలు మాట్లాడటం మానేసింది. బాయ్డ్ కూడా ఎదురుపక్షమే, అతనిది విమానమంటే వణికేవాళ్ల తరఫు. అయినా రూలు వచ్చింది.

ఫారం నింపడానికి ఆర్డిత్ లైబ్రరీకి వెళ్లింది. అక్కడి ఉద్యోగిని గబగబా అడుగుతూ టైపు చేసింది. మీ పేరు? ఆర్డిత్ కొలారిక్. కుక్క బరువు? అరవై రెండు పౌన్లు. కుక్క పేరు? కొత్తమనిషి అడిగింది. ఆరేళ్ల అలవాటు నాలుక చివరే ఉంది.

"డ్వైట్" అంది ఆర్డిత్. తర్వాత ఆవిడ వేలు పట్టి చూపించినచోట సంతకం పెట్టింది. అబద్ధం రాస్తే నేరం అన్న వాక్యం సరిగ్గా ఆ సంతకం నెత్తిమీదే ఉంది.

గురువారం గేటు దగ్గర ఉన్న ఉద్యోగి పేరు లైల్ ప్రూయెట్. ఏభై ఏళ్ల నెమ్మదైన మనిషి. కిందటి నెల ఇదే గేటులో ఒకాయన కుక్కను చూసి, అడగడానికి మొహమాటపడి వదిలేశాడు. అది లోపలికెళ్లి ఒక పాప వేలు కొరికింది. లైల్‌కు లిఖితపూర్వకంగా మొట్టికాయ పడింది. అప్పటి నుంచీ ఫారంతో పాటు టీకా కాగితం కూడా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి వేలితో గీస్తూ చదువుతున్నాడు. ఆ పాప సంగతి చెప్పి, ఏమీ అనుకోవద్దంటూనే ఆర్డిత్‌ను అడగదగిన రెండు ప్రశ్నలూ అడిగాడు. ఇది పని నేర్చిన కుక్కేనా, ఏం పని చేస్తుంది? రెండింటికీ ఆమె తల ఎత్తి జవాబు చెప్పింది. ఇలా అడగాలన్న మనిషి తనే కదా.

"మేడమ్, చిన్న సందేహం" అన్నాడు లైల్. "ఫారంలో కుక్క పేరు డ్వైట్ అనుంది. టీకా కాగితంలో వేరే పేరుంది. ఆడకుక్క అని కూడా ఉంది. ఇందులో పేరేమో..."

"చదవకండి" అంది ఆర్డిత్.

అలా అనకుండా ఉండాల్సింది. లైల్ వేలు ఆగిపోయింది.

"చదవకూడదా మేడమ్?"

"గట్టిగా వద్దు సార్. అదే అసలు పేరు. ఫారంలోది బయటివాళ్లకి చెప్పే పేరు."

"అంటే ఫారంలో రాసింది నిజం కాదా?"

ముప్ఫై ఒక్కేళ్లు అబద్ధాలు పట్టుకున్న మనిషి. తన గొంతు ఇప్పుడు ఎలా ఉందో ఆమెకు తెలుస్తూనే ఉంది. సరిగ్గా దొరికిపోయినవాళ్ల గొంతులా ఉంది. "కాదు" అంది.

వెనకనున్న వరస అప్పటికే చెవులు రిక్కించింది. విత్తనాల కంపెనీ టోపీ పెట్టుకున్న రైతొకాయన కాఫీ కప్పుతో ముందుకొచ్చి, ఆవిడకు కళ్లు కనపడవు, కుక్కకు జీనుంది, ఇంకేం కావాలయ్యా నీకు అని లైల్‌ను నిలదీశాడు. ఎవరో ఫోనుతో వీడియో తీస్తున్నారు. సంచిలో చిన్న తెల్ల కుక్కను మోస్తున్న ఒకావిడకు ఇది మంచి అదనుగా దొరికింది.

"ఇదంతా ఆ కొత్త రూలు మూలానే. మా బిస్కెట్ ఇదివరకు దర్జాగా నా ఒళ్లో కూచునేది, ఇప్పుడు సంచిలో కుక్కాల్సొచ్చింది. ఎవరో పనిలేనివాళ్లు ఉత్తరాలు రాసి తెప్పించారంట. వాళ్లని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి."

"నిలబడే ఉన్నానండీ" అంది ఆర్డిత్.

బిస్కెట్ తాలూకు ఆవిడ నోరు కాసేపు మూతపడలేదు.

గుంపు మాత్రం తగ్గలేదు. వదిలెయ్యవయ్యా, పాపం గుడ్డావిడ అని నలువైపులా గొణుగుడు. లైల్ నిట్టూర్చాడు. ఓడిపోయినవాడి నిట్టూర్పు అది, ఆర్డిత్ వినగానే పోల్చుకుంది. ఇంకొక్క అర నిమిషం నోరు మూసుకుంటే చాలు, ఆమె విమానంలో ఉంటుంది. సాయంత్రానికి బాయ్డ్ ముందు ఉంటుంది.

"ఆగండి సార్" అంది. "నాకు కళ్లు లేవని జాలిపడి వదలకండి. కిందటిసారి మీరు మొహమాటపడితే ఒక పాప వేలు కొరికిందని ఇందాక మీరే అన్నారు. నేను రాసిన కాగితంలో తప్పుంది. తప్పు నాది. దీన్ని సరిచెయ్యడానికి దారేదన్నా ఉంటే చెప్పండి. లేకపోతే రేపటి దానికే పోతాను."

 ఎందుకో రైతు టోపీ తీసేశాడు.

లైల్ పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా భోజనం వేళ అని యంత్రం చెప్పింది. కాలర్‌కు ఉండాల్సిన టీకా బిళ్ల, చర్చిలో గలగలమంటోందని విప్పి వంటింటి సొరుగులో పెట్టింది ఆర్డిత్. చివరికి, ఇలాంటి తగాదాలు తేల్చడానికి కంపెనీ నియమించిన గ్లెండా ఊస్టర్ అనే ఆవిడను పిలిపించాడు. తాళంచెవుల చప్పుడుతో, సిగరెట్ల బొంగురుతో వచ్చిందావిడ. విమానం తలుపు మూయడానికి పదహారు నిమిషాలుంది.

గ్లెండా మొత్తం విని, నవ్వు ఆపుకోవడానికి ఒకసారి దగ్గింది. ఫారంలో పొరపాటు రాసినవాళ్లు తమంతట తాము కొట్టేసి దిద్దుకోవచ్చు, అందులో ఇబ్బంది లేదంది. ఇబ్బందల్లా, ఆ టీకా కాగితం ఈ కుక్కదేనని తెలియడమెలాగ అన్నదే.

"దాన్ని ఆ పేరు పెట్టి పిలుస్తాను. చూద్దాం" అంది.

"మీ చెవిలో చెబితే మీరు నెమ్మదిగా..."

"నెమ్మదిగా కాదమ్మా. పది అడుగుల దూరం నుంచి, అందరూ చూస్తుండగా. రేపు ఎవరన్నా అడిగితే నాకు సాక్షులుండాలి."

 ఆరేళ్లు కాపాడుకున్న పేరు. అరలీటరు పాలకోసం వెళ్లినా, మంచులో రోడ్డు దాటినా, ఆమెకూ కుక్కకూ మధ్య ఎవరూ దూరకుండా ఉన్న ఒక్క మాట. అది ఇప్పుడు నూట ఇరవైమంది నోళ్లలో పడుతుంది. ఆర్డిత్ వంగి, జీను బకిల్ విప్పింది. జీను విప్పితే పనిలోంచి సెలవు, కుక్కకు అది తెలుసు. తాడు మాత్రం చేతికి చుట్టుకుంది.

"డ్వైట్" అని పిలిచింది గ్లెండా. కుక్క ఆవలించింది.

"టాన్సీ."

ముందు తోక కదిలింది. తర్వాత నడుము కదిలింది. తర్వాత అరవై రెండు పౌన్లూ కదిలాయి. జీను లేని టాన్సీ, ఆరేళ్లలో మొదటిసారి ఒక పరాయి మనిషి తన పేరు పలికిన ఆనందంలో, ఆర్డిత్‌ను వెంట ఈడ్చుకుంటూ వెళ్లి గ్లెండా చుట్టూ గిరగిరా తిరిగి, దారిలో తోకతో రైతు కాఫీని ఆయన ప్యాంటు మీదికి పంపి, వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ పైకెత్తింది. విమానంలో ఇబ్బంది పడకూడదని పొద్దుటి నుంచీ తిండి పెట్టలేదు, ఐసుముక్కలు నాకించిందంతే, అయినా ఆ హుషారు. గేటంతా ఘొల్లున నవ్వింది.

ఆర్డిత్ మాత్రం నవ్వలేదు. మనుషుల మీదికి ఉరికే కుక్కను ఎక్కనివ్వక్కర్లేదని కూడా ఆమె తన మూడు పేజీల్లో రాసింది. తాడు దగ్గరికి లాగి జీను మళ్లీ తొడిగింది.

బకిల్ టక్కుమంది. కుక్క లేచి నిలబడింది. ఎడమ కాలి పక్కన, తల ముందుకు, ఒళ్లు రాయిలా. ఇందాక వెల్లకిలా పడింది దీని చెల్లెలేమో అన్నట్టుంది. రైతుకు ఆశ చావలేదు. తడిసిన ప్యాంటుతోనే మోకాళ్ల మీద కూచుని, "టాన్సీ, టాన్సీ, ఇటు రా తల్లీ" అన్నాడు. మరో ఇద్దరు అందుకున్నారు. బిస్కెట్ సంచిలోంచి ఒక మొరుగు మొరిగింది. ఆర్డిత్ జీను పిడి పట్టుకుని ఉంది. దాని ఒంట్లో ఎక్కడ ఏ నరం కదిలినా ఆ పిడిలో తెలుస్తుంది. ఒక్క చెవి ఇటు తిరిగినట్టుంది, అంతే. పిడి కదల్లేదు.

"చాలు" అంది గ్లెండా. "నేను చూడాల్సింది చూశాను. లైల్, పేరు దిద్దించి సంతకం తీసుకో." తర్వాత రైతును, "మీరు లేవండి సార్, దాన్ని పని చేసుకోనివ్వండి" అంది.

విమానంలోకి నడుస్తుంటే ప్రతి వరసలోనూ ఎవరో ఒకరు టాన్సీకి శుభాకాంక్షలు చెప్పారు. ఆర్డిత్ మర్యాదగా పళ్లు బిగించింది. నడవకు అవతల బిస్కెట్ తాలూకు ఆవిడ కూచుంది. రన్‌వే మీద పరుగు మొదలయ్యేసరికి ఆవిడ ఊపిరి మారిపోయింది. పొట్టిగా, గొంతులోనే తిరుగుతున్న ఊపిరి. అబద్ధపు ఊపిరి కాదది. పైకి చేరాక, మెల్లిగా, ఎవరితో అంటున్నట్టూ కాకుండా అంది: "మా బిస్కెట్ ఏం పని చేస్తుందంటే నేను చెప్పలేనండీ. అది లేకపోతే నేనీ మెట్లెక్కను."  ఆర్డిత్ ఒడిలో, బాయ్డ్ కోసం తెచ్చిన పెట్టె తెరిచి, చెక్ దేశస్థుల వీధి బేకరీలో కొన్న కొలాచీ అనే గసగసాల తీపిరొట్టె ఒకటి తీసి నడవ మీదుగా చెయ్యి చాపింది. ఆవిడ తీసుకుంది.

స్పోకేన్‌లో బాయ్డ్ వచ్చాడు. జీను విప్పాక పిలిచాడు. కుక్క ఏం చేసిందో వేరే చెప్పనక్కర్లేదు. అతను ఏమన్నాడో మాత్రం ఆర్డిత్ ఎవరికీ చెప్పలేదు, కుక్కకు చెప్పిన మాటలు కుక్కవని ఊరుకుంది.

ఆఖరి సాయంత్రం అది. మంచి మాటలు మాట్లాడుకోవాలని ఇద్దరూ దారంతా అనుకున్నవాళ్లే. తీరా అతని ఇంట్లో సూపు ముందు కూచున్నాక ఇద్దరికీ మాట పెగల్లేదు. స్పూన్లు గిన్నెలకు తగులుతున్నాయి. ఆ మౌనం భరించలేక ఆర్డిత్ గేటు సంగతి, బిస్కెట్ సంగతి చెప్పింది. బాయ్డ్‌కు ప్రాణం లేచొచ్చింది.

"చూశావా. నేను రెండేళ్ల నుంచీ మొత్తుకునేది ఇదేగా. ఆవిడ భయం నిజం కాదంటావా?"

"నిజమే. అయితే? నా కుక్క చెవి కూడా నిజమే."

"కరిచేదాన్ని ఆపు. వణికేవాళ్లనెందుకు ఆపడం?"

"కరిచేది కరిచేముందు కరుస్తానని చెబుతుందా? మొహం చూసి చెప్పగలిగితే లైల్ చెప్పేవాడు."

"నిన్ను కూడా కాగితం చూసేగా దొంగన్నారు."

"దొంగననలేదు. దిద్దుకోమన్నారు."

గొంతుకు విశ్రాంతి ఇమ్మని డాక్టరు మరీమరీ చెప్పాడు. బాయ్డ్ దగ్గుతూ, నీళ్లు తాగుతూ, బల్ల మీద చేత్తో కొడుతూ వాదించాడు. ఒక మాట కూడా మెత్తగా అన్నది లేదు. మధ్యలో ఆర్డిత్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నీ గొంతు మీద చెయ్యి పెట్టనా?" అంది.

అతను ఆగిపోయాడు.

"ఆపకు. చెప్పు, తప్పే చెబుతున్నావు గానీ చెప్పు."

ఆమె రెండు వేళ్లు అతని కంఠం మీద ఆనించింది. గరుకు చర్మం, సరిగ్గా గీయని గడ్డం, దాని కింద గులకరాళ్ల మీద తిరిగే చక్రంలా ఆ అదురు. బాయ్డ్ మింగి, గుటక కూడా ఆమె వేళ్లకు తగిలాక, విమానాల్లో భయపడేవాళ్ల తరఫున మళ్లీ మొదలెట్టాడు. సూపు చల్లారిపోయింది.

శుక్రవారం కోత సవ్యంగా జరిగింది. శనివారం ఆర్డిత్ ఇంటికి వచ్చేసింది. ఆదివారం నాలుగింటికి ఫోన్ మోగలేదు. ఆమె కంప్యూటర్ ముందే కూచుంది, కారణమేమీ లేనట్టు. నాలుగూ రెండు నిమిషాలకు ఉత్తరం వచ్చిన గంట మోగింది. వచ్చినవాటిని చదివిపెట్టే యంత్రం తన బల్లపరుపు ఆడగొంతుతో మొదలుపెట్టింది:

"ఆర్డీ. కుక్క తింటోందా. రెండో విషయం. కాగితం గురించి నువ్వన్నది రాత్రంతా ఆలోచించాను. ఇప్పటికీ నువ్వు చెప్పింది తప్పే. ఎందుకంటే..."

ఆర్డిత్ కుర్చీ ముందుకు లాక్కుని, యంత్రాన్ని ఆపి, జవాబు టైపు చేయడం మొదలుపెట్టింది. అతను ఎందుకంటే ఏమిటో ఇంకా వినలేదు.